అక్షరానికి రంగేశాం సరే, వెనక ఏముంది?

"సార్, మీ ప్రోగ్రాంలో పేర్లన్నీ మాయమైపోయాయి. డేటా పోయిందా?"

ఫోన్లో ఆ మాట వినగానే నా చేతులు చల్లబడ్డాయి. ఇంకేం అడగకుండా రిమోట్‌లో ఆమె తెర తెరిచి చూశాను. విండో మొత్తం నల్లగా ఉంది. కొన్ని పెట్టెల్లో తెల్లటి అక్షరాలు శుభ్రంగా కనబడుతున్నాయి. పేరు, ఫోన్ నంబరు, తేదీ మాత్రం లేత పసుపు రంగులో ఖాళీగా ఉన్నాయి. డేటాబేస్‌లో వెతికితే అన్నీ భద్రంగానే ఉన్నాయి. మళ్లీ తెర దగ్గరికొచ్చి, ఏం చేయాలో తోచక, పేరు పెట్టెలో మౌస్ నొక్కిపట్టి పక్కకు లాగాను. లాగినంత మేరా అక్షరాలు బయటపడ్డాయి. పక్కన క్లిక్ చేయగానే మళ్లీ మాయం.

విషయం అప్పుడు అర్థమైంది. తెల్లటి తెరను ఎక్కువసేపు చూస్తే ఆమెకు కళ్లు మండుతాయట. అందుకని విండోస్‌లో హై కాంట్రాస్ట్ థీమ్ పెట్టుకున్నారు. ఆ థీమ్‌లో నేపథ్యం నలుపు, అక్షరాలు తెలుపు. నేనేమో తప్పనిసరిగా నింపాల్సిన పెట్టెలు కొట్టొచ్చినట్టు కనబడాలని వాటి వెనక రంగును లేత పసుపు చేశాను. అక్షరాల రంగును ముట్టుకోలేదు, అది సిస్టమ్ ఇష్టానికే వదిలేశాను. సిస్టమ్ తెలుపు ఇచ్చింది. లేత పసుపు మీద తెలుపు. ఏ మూడు పెట్టెలు అందరి కంటా పడాలని తాపత్రయపడ్డానో, సరిగ్గా ఆ మూడే కనబడకుండా పోయాయి.

నేను రాసింది ఒక్క లైను. రాయాల్సింది రెండు. ఆ రోజు నుంచి నాదొకటే వాదన, కొత్తగా చేరిన ప్రతి ప్రోగ్రామర్‌కూ విసుగొచ్చేదాకా చెబుతుంటాను: అక్షరం రంగు, వెనక రంగు అని రెండు వేర్వేరు నిర్ణయాలు లేవు. ఉన్నది ఒకే నిర్ణయం. అందులో సగం మనం తీసుకుని, మిగతా సగం ఇంకెవరికో వదిలేస్తే, అది ఏదో ఒక రోజు ఎవరో ఒకరి తెర మీద పేలుతుంది. మన తెర మీద మాత్రం పేలదు. అదే దీనితో వచ్చిన చిక్కు.

పాత యంత్రాల్లో ఈ తప్పు చేయడం కొంచెం కష్టం. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ టెక్స్ట్ మోడ్‌ని, అంటే అక్షరాలు మాత్రమే చూపించే తెరని, తీసుకోండి. అడ్డంగా 80, నిలువుగా 25, మొత్తం 2000 గళ్లు. ఒక్కో గడికి మెమరీలో రెండు బైట్లు. మొదటి బైటు అక్షరం, రెండోది దాని రంగు. ఆ రంగు బైటులోనే కింది నాలుగు బిట్లు అక్షరానికి, వాటి పైనున్న మూడు బిట్లు వెనక రంగుకి, మిగిలిన ఒక్క బిట్టు ఆ అక్షరం మిణుకు మిణుకుమనాలా వద్దా అన్నదానికి. 7 అని రాస్తే నలుపు మీద లేత బూడిద. నీలం మీద తెలుపు కావాలంటే నీలం నంబరు 1ని 16తో గుణించి, తెలుపు నంబరు 15 కలపాలి, అంటే 31. ఆ బైటు రాయాలంటే రెండు రంగులూ చెప్పి తీరాలి. సగం చెప్పే వీలే లేదు. 0 రాసి నలుపు మీద నలుపు తెచ్చుకోవచ్చు, కాదనను. కానీ ఆ పని కూడా రెండు రంగులూ చెప్పే చేయాలి.

తర్వాత విండోలు వచ్చాయి. ఆ ఒక్క బైటు ముక్కలై నాలుగు చోట్లకు చెదిరిపోయింది.

విండోస్‌లో మన చేత్తో అక్షరాలు గీయడానికి కూర్చుంటే తెలుస్తుంది. సెట్‌టెక్స్ట్‌కలర్ అని ఒక ఫంక్షన్, అది అక్షరం రంగుకి. సెట్‌బీకేకలర్ అని ఇంకొకటి, అది అక్షరం వెనక పడే పట్టీ రంగుకి. సెట్‌బీకేమోడ్ మూడోది, అసలు ఆ పట్టీ పడాలా వద్దా అన్నదానికి. పడాలంటే ఒపేక్, వద్దంటే ట్రాన్స్‌పరెంట్. ఇవి చాలవన్నట్టు విండో క్లాసుకి, అంటే ఆ రకం విండోల నమూనాకి, ఒక బ్రష్ ఉంటుంది. మనం ఏదైనా గీసేలోపే విండో మొత్తాన్ని ఆ బ్రష్ రంగుతో తుడిచేస్తుంది. ఆ బ్రష్ దగ్గర సిస్టమ్ రంగు నంబరుకి ఒకటి కలిపి ఇవ్వాలన్న విచిత్రం కూడా ఉంది. సిస్టమ్ రంగుల్లో మొదటిదాని నంబరు సున్నా, సున్నా ఇస్తే బ్రషే లేదని అర్థమైపోతుంది, అందుకు. నేర్చుకునే రోజుల్లో ఆ ప్లస్ ఒకటి చూసి ఎవరో పొరపాటున రాశారనుకుని తీసేశాను. విండో రంగు ఇంకేదో వచ్చి కూర్చుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తాను. కొత్తగా తీసుకున్న డ్రాయింగ్ సందర్భంలో, అంటే డివైస్ కాంటెక్స్ట్‌లో, మనం ఏమీ చెప్పకపోతే అక్షరం నలుపు, పట్టీ తెలుపు, మోడ్ ఒపేక్. నలుపు మీద తెలుపు కాదు, తెలుపు మీద నలుపు, నిక్షేపంలాంటి జంట. బూడిద రంగు విండో మీద అలాగే ఒక మాట రాయండి. అక్షరాల వెనక తెల్లటి పట్టీ, గోడ మీద అతికించిన స్టిక్కరు లాగా పడుతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. ప్రతి ప్రోగ్రామరూ మొదటి రోజే దాన్ని చూసి చిరాకు పడతాడు, వెతుకుతాడు, ట్రాన్స్‌పరెంట్ పెట్టమని ఎవరో చెబుతారు. పెడతాడు. పట్టీ పోతుంది, విండో అందంగా తయారవుతుంది, మనసు కుదుటపడుతుంది.

ఏం పోయిందో గమనించారా? ఆ పట్టీతో పాటు వెనక రంగు మీద మనకున్న అదుపూ పోయింది. అక్షరం ఇంకా నల్లగానే ఉంది, ఎందుకంటే దాని రంగు మనం చెప్పలేదు. వెనక ఉన్నది ఇప్పుడు విండో బ్రష్ రంగు, అది సిస్టమ్ నుంచి వస్తోంది. హై కాంట్రాస్ట్ పెట్టుకున్నవాళ్ల తెర మీద ఆ బ్రష్ నలుపు. నలుపు మీద నలుపు. పట్టీ ఉన్నంతకాలం వికారంగానైనా చదవగలిగేలా ఉన్న మాట, అందం కోసం రాసిన ఒక్క లైనుతో కొందరికి పూర్తిగా కనబడకుండా పోయింది. ఆ వికారమైన తెల్ల పట్టీ నిజానికి ఒక హెచ్చరిక: నీ వెనక ఏముందో నువ్వు చూసుకోలేదు, కాబట్టి నాకు తెలిసిన రంగు నేను వేశాను అని. మనం ఆ హెచ్చరిక నోరు నొక్కి, సమస్య తీరిందనుకుంటాం.

అలాగని ఒపేక్ మోడ్‌ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. దాని వాతలు నాకూ పడ్డాయి. ఒకసారి లైను తర్వాత లైను గీస్తూ, లైనుకీ లైనుకీ మధ్య 16 పిక్సెళ్లు అని లెక్క పెట్టేశాను. ఇంగ్లిష్ ఫాంటుకి అది సరిపోయింది. తెలుగు పెట్టగానే మొదటి లైన్లో వత్తులన్నీ సగానికి తెగిపోయాయి. 'ఉత్తరం'లో త కింద వత్తు పై ముక్క మాత్రం మిగిలింది, 'కృష్ణ'లో కింద ఉన్నవేవీ దక్కలేదు. చివరి లైను మాత్రం చక్కగా ఉంది. ఫాంటు పాడైందని రెండు గంటలు దాని మీద పడ్డాను. తీరా చూస్తే, తెలుగు ఫాంటు ఎత్తు ఎక్కువ, వత్తులు 16 పిక్సెళ్లు దాటి కిందికి దిగుతున్నాయి, రెండో లైను గీసేటప్పుడు దాని పట్టీ వెళ్లి మొదటి లైను వత్తుల మీద పడి తుడిచేస్తోంది. చివరి లైను తర్వాత ఇంకో లైను లేదు కాబట్టి అది బతికిపోయింది. లైన్ల ఎత్తు ఫాంటుని అడిగి తెలుసుకున్నాను. దాంతో పాటు ముందు నేపథ్యమంతా నింపేసి, ఆ తర్వాతే అక్షరాలన్నీ ట్రాన్స్‌పరెంట్‌లో గీయడం మొదలుపెట్టాను. ట్రాన్స్‌పరెంట్ తప్పు కాదు. వెనక రంగు మన చేత్తో వేసి, దాని మీద ట్రాన్స్‌పరెంట్‌లో రాస్తే అది లెక్క. ఏముందో చూడకుండా రాస్తే జూదం.

వెనక తుడవడం మర్చిపోతే ఇంకో వింత కనబడుతుంది. ఒక లేబుల్‌లో అంకె మారుతూ ఉంటుంది అనుకోండి. వెనక ఏమీ వేయొద్దని ఖాళీ బ్రష్ ఇచ్చి, ట్రాన్స్‌పరెంట్ పెట్టాం. మొదట 3 పడింది, బాగుంది. తర్వాత 7 వచ్చింది, కానీ 3 పోలేదు. దాని మీదే 7. ఆపైన 1. కాసేపటికి అక్కడ ఏ అంకె ఉందో దేవుడికే తెలియాలి, నల్లటి ముద్ద ఒకటి కూర్చుంటుంది. అంకె మారకుండా అదే మళ్లీ మళ్లీ గీసినా ఊరుకోదు. ఈ రోజుల్లో అక్షరాల అంచుల్ని వెనక రంగుతో కలిపి నున్నగా చేస్తారు కదా, క్లియర్‌టైప్ చేసే పని అదే. తుడవకుండా రెండోసారి గీస్తే ఆ అంచు వెనక రంగుతో కాకుండా తన పాత అంచుతోనే కలుస్తుంది, మూడోసారికి ఇంకొంచెం ముదురుతుంది. మామూలు అక్షరం చూస్తుండగానే బోల్డ్ అయిపోతుంది. అక్షరం అంచు దగ్గర రెండు రంగులూ ఒకే పిక్సెల్‌లో కలిసిపోయి ఉంటాయి. అలాంటి వాటిని విడివిడిగా చూడొచ్చనుకోవడం మన భ్రమ.

బ్రష్ సంగతి ఎత్తాను కాబట్టి ఒక పక్క ముచ్చట. పెట్టెలకు రంగు వేయాలంటే విండోస్ మనల్ని ఒక మెసేజ్‌తో అడుగుతుంది, మనం ఒక బ్రష్ తిరిగి ఇవ్వాలి. అడిగిన ప్రతిసారీ నేను కొత్త బ్రష్ తయారుచేసి ఇచ్చేవాణ్ణి, వాడుకున్నాక విండోసే పారేస్తుందిలే అని. పారేయదు, ఆ బాధ్యత మనదే. ఒక ప్రోగ్రాం ఇలాంటి గ్రాఫిక్ వస్తువులు మామూలుగా 10,000 వరకే దగ్గర పెట్టుకోగలదు. పొద్దున్న బాగా నడిచిన ప్రోగ్రాం మధ్యాహ్నానికి బటన్లు ఎగిరిపోయి, బొమ్మలు రాక, పిచ్చిపట్టినట్టు తయారయ్యేది. మూసి తెరిస్తే మళ్లీ మామూలే. ఒకే బ్రష్ మొదట్లో చేసి పెట్టుకుని, దాన్నే ప్రతిసారీ ఇచ్చి, చివర్లో పారేస్తే సరిపోయేది. ఇంకొకటి, చదవడానికి మాత్రమే అని పెట్టిన పెట్టె మామూలు పెట్టెల మెసేజ్ పంపదు, లేబుళ్ల మెసేజ్ పంపుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఒక రోజంతా పోయింది. ఈ వ్యాసం చదివాక మీకు ఆ రోజు మిగిలితే సంతోషం.

సరే, జంట సంగతికి వద్దాం. ఈ వ్యవస్థలు కట్టినవాళ్లకు ఈ విషయం తెలియదా అంటే, బాగా తెలుసు. సిస్టమ్ రంగుల పేర్లు చూడండి. విండో అని ఒకటుంటే పక్కనే విండోటెక్స్ట్. బటన్ ముఖానికి ఒకటుంటే బటన్ టెక్స్ట్‌కి ఇంకొకటి. ఎంచుకున్నదానికి హైలైట్, దాని మీద రాతకు హైలైట్‌టెక్స్ట్. విండోలు కట్టే ఇంకో సామగ్రి క్యూటీ వాడేవాళ్లకి, దాని రంగుల పట్టిక క్యూపాలెట్‌లోనూ ఇదే వరస: విండోకి విండోటెక్స్ట్, బేస్‌కి టెక్స్ట్, బటన్‌కి బటన్‌టెక్స్ట్. నా పసుపు పెట్టెల్లో మౌస్ లాగితే అక్షరాలు ఎందుకు బయటపడ్డాయో ఇప్పుడు తెలుస్తుంది. ఎంచుకున్న భాగానికి సిస్టమ్ తన జంటను పూర్తిగా వాడింది, నా పసుపుని లెక్కచేయలేదు. జంట కుదిరినంత మేరా చదవడానికి వచ్చింది.

అయితే ఈ జంటలు పేర్లలో మాత్రమే ఉన్నాయి. వాడేటప్పుడు ఎవరూ పట్టుబట్టరు. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6తో పని నేర్చుకున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ప్రాపర్టీల్లో బ్యాక్‌కలర్, అంటే వెనక రంగు, నొక్కితే రెండు ట్యాబులు తెరుచుకుంటాయి, ఒకటి పాలెట్, ఒకటి సిస్టమ్. పాలెట్‌లో ముద్దొచ్చే రంగుల గళ్లు. సిస్టమ్‌లో 'విండో బ్యాక్‌గ్రౌండ్', 'బటన్ ఫేస్' లాంటి పొడి పొడి పేర్లు. ఎవరు ఎక్కడికి వెళతారో చెప్పక్కర్లేదు. ఒక గడి నొక్కి బయటికి వచ్చేస్తాం. అక్షరం రంగైన ఫోర్‌కలర్ జోలికి పోం, తెర మీద బాగానే ఉంది కదా! నా చేతిలో ఉంటే, ఒకటి మార్చగానే రెండోది కూడా ఏమిటో చెప్పేదాకా ఆ డబ్బాని మూయనివ్వను.

ఒకే అక్షరానికి వెనక రంగు మారిపోయే చోట ఇది ఇంకా ముదురుతుంది. మా జాబితాలో గడువు దాటిన వరసల్ని ఎర్ర అక్షరాల్లో చూపించేవాళ్లం. తెలుపు మీద ఎరుపు, బాగుంది. ఆ వరసను ఎంచుకోగానే వెనక నీలం వచ్చేది, అక్షరాలు ఎర్రగానే ఉండేవి. చదవడానికి ప్రయత్నిస్తే అక్షరాల అంచులు వణుకుతున్నట్టు అనిపించేది. అలవాటైతే సర్దుకుంటుంది అన్నాడు నా పక్క సీటాయన. సర్దుకోదని లెక్క వేసి చూపించాను.

లెక్క పెద్దదేం కాదు. ప్రతి రంగుకీ వెలుగు ఎంతో కడతారు. అందులో ఆకుపచ్చ వాటా 0.7152, ఎరుపుది 0.2126, నీలానిది 0.0722. మన కంటికి వెలుగు ఎక్కువగా పచ్చదనం నుంచే అందుతుంది, నీలం నుంచి అందేది చాలా తక్కువ. రెండు వెలుగులకూ చెరో 0.05 కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే కాంట్రాస్ట్ నిష్పత్తి వస్తుంది. తెలుపు, నలుపుల మధ్య అది 21, అంతకు మించి లేదు. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు రాతకు కనీసం 4.5 ఉండాలంటుంది, పెద్ద అక్షరాలకు 3 చాలంటుంది. డెస్క్‌టాప్ విండోకీ అవే కళ్లు కాబట్టి అదే కొలత. పూర్తి ఎరుపు తెలుపు మీద సుమారు 4, అక్కడే కొంచెం తక్కువ. అదే ఎరుపు విండోస్ 10 నీలం హైలైట్ మీద, అంటే ఎరుపు 0, ఆకుపచ్చ 120, నీలం 215 మీద, 1.1. రంగులు వేరైనా వెలుగు దాదాపు ఒకటే. నా లేత పసుపు మీద తెలుపు 1.03. అంటే ఆ ఎర్ర వరస, మాయమైన పెట్టెల కంటే వెంట్రుకవాసి మాత్రమే మెరుగు. పక్క సీటాయన ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఎంచుకున్న వరసకు హైలైట్ జంటే పూర్తిగా వాడతాం, గడువు దాటిందని చెప్పడానికి పక్కన ఒక చిన్న గుర్తు పెట్టాం. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లకి ఆ గుర్తు ముందే ఉండాల్సింది.

లెక్క వేస్తే తమాషాలు కూడా కనబడతాయి. మూడు రంగులూ 119 ఉన్న బూడిద, తెలుపు మీద 4.48, ఫెయిలు. ఒక్క మెట్టు దించి 118 చేస్తే 4.54, పాసు. రెండింటినీ పక్కపక్కన పెట్టినా నా కంటికి తేడా తెలియలేదు. కాబట్టి ఈ 4.5ని శాసనంలా చూడను. కానీ 1.1 దగ్గర వాదన అనవసరం.

నాతో పనిచేసిన డిజైనర్లు ఎప్పుడూ ఒక మాట అంటారు: మా రంగులు మావి, సిస్టమ్ రంగులకు వదిలేస్తే మా ప్రోగ్రాం ముఖం ఏం కాను అని. వాళ్ల బాధ అబద్ధం కాదు. అయితే రెండు రంగులూ మీరే చెప్పండి, నాకు అభ్యంతరం లేదు. లేత పసుపు మీద నలుపు అని రెండూ కుట్టి పెట్టి ఉంటే, ఆరోజు ఆ మూడు పెట్టెలూ నల్లటి విండోలో దీపాల్లా వెలిగి ఆమె కళ్లను ఇబ్బంది పెట్టేవి, కానీ డేటా పోయిందని ఫోన్ చేసేవారు కాదు. ఇబ్బందికీ కనబడకపోవడానికీ చాలా దూరం ఉంది. నా వరకు మంచి పద్ధతి ఇంకొకటి ఉంది: హై కాంట్రాస్ట్ వేసి ఉందా అని విండోస్‌ని అడగొచ్చు, ఉంటే మన సొంత రంగులన్నీ పక్కన పెట్టి సిస్టమ్ జంటలే వాడాలి. ఆ థీమ్ సరదాకి పెట్టుకునేవాళ్లు తక్కువ. అక్కడ మన ముఖం కంటే వాళ్ల చూపు ముఖ్యం.

డార్క్ మోడ్ వచ్చాక ఇదంతా తీరిపోయిందనేవాళ్లూ ఉన్నారు. నాకైతే పెరిగిందనిపిస్తుంది. 2018లో మ్యాక్ మొహావేలోనూ, అదే ఏడు విండోస్ 10 ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోనూ డార్క్ మోడ్ రావడంతో, అంతకుముందు కొద్దిమందికే ఉన్న నల్ల నేపథ్యం అందరి ఇళ్లలోకీ వచ్చేసింది. పాత ప్రోగ్రాంలకు హడావిడిగా నలుపు పూసినవాళ్లం చాలామందిమి. విండో నల్లబడింది, మెనూ నల్లబడింది, లోపల ఎక్కడో మూలనున్న ఒక డబ్బాలో నల్ల అక్షరాలు అలాగే మిగిలిపోయాయి. లేకపోతే మన చేత్తో రంగేసిన ముదురు నీలం లింకు నల్లటి నేపథ్యం మీద మసిలో కలిసిపోయింది. పూర్తి నీలం కూడా నలుపు మీద 2.5 దాటదు, ముదురు నీలం గతి చెప్పేదేముంది. ఎక్కడెక్కడ జంట విడగొట్టి రాశామో డార్క్ మోడ్ ఒక్కొక్కటిగా చూపించి పరువు తీసింది.

ఇప్పుడు నేను ఏ విండో పూర్తిచేసినా, ఇంకొకరికి చూపించే ముందు ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, ప్రింట్ స్క్రీన్ మూడూ కలిపి నొక్కుతాను. హై కాంట్రాస్ట్ పెట్టమంటావా అని విండోస్ అడుగుతుంది. ఊ అంటే తెర తిరగబడుతుంది. ప్రతి పెట్టెలో ఏదో ఒకటి టైపు చేసి, ప్రతి వరసా ఎంచుకుని చూస్తాను. ఐదు నిమిషాల పని. ఇంకొంచెం ఓపికుంటే విండో నేపథ్యాన్ని ఎవరూ పెట్టుకోని ఏ వంకాయ రంగుకో మార్చి చూస్తాను. ఎక్కడైనా తెల్ల ముక్క మిగిలి కనబడితే అక్కడ నేను సగం లైనే రాశానని లెక్క.

ఆ పసుపు పెట్టెలు సరిచేసి పంపింది ఆ సాయంత్రమే. ఫోర్‌కలర్ నలుపు అని ఒక్క లైను చేర్చాను. మర్నాడు ఆమే ఫోన్ చేశారు. "పేర్లు వచ్చాయి సార్. కానీ ఆ పసుపు బాగా గుచ్చుతోంది, అది లేకుండా కుదరదా?" ఆ పెట్టెలకు పసుపు తీసేసి, పక్కన ఒక నక్షత్రం గుర్తు పెట్టాను. ఆ గుర్తుకి సిస్టమ్ టెక్స్ట్ రంగే ఇచ్చాను, వెనక ఏముందో ఈసారి చూసుకునే.